కడిగిన ట్యాంకు

పూలసీసా పెట్టింది. ట్యాంకు మూత మీద, ప్రెషర్ చూపించే ముల్లుకు అడ్డంగా, కింద తెల్లటి అల్లిక గుడ్డ పరిచి మరీ పూలసీసా పెట్టింది అక్క, అదేదో ముందుగదిలో టీపాయ్ అయినట్టు. పసుపుపచ్చ పూలు, ప్లాస్టిక్‌వి. నిజం పూలైనా బాగుండేది, సాయంత్రానికి తలలు వేలాడేసేవి, చావంటే ఏమిటో వాటికైనా తెలిసేది. ఆమె బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని ఆ పూలవంకే చూస్తోంది. చూస్తున్నకొద్దీ అరికాలి మంట నెత్తికెక్కుతోంది. లేచి వెళ్ళి ఆ సీసాను గోడకేసి కొట్టొచ్చు, ఎవరూ ఆపరు, కానీ కొట్టాక ఆ గాజుపెంకులు ఎత్తడానికి మళ్ళీ అక్కే చీపురు పట్టుకొస్తుంది, ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఇంకో సీసా తెచ్చి పెడుతుంది. అక్కను గెలవలేం. తుడవడంలో, కడగడంలో, ఉతకడంలో అక్కను ఈ భూమ్మీద ఎవరూ గెలవలేరు. పదకొండింటికి రావలసిన పెద్దలు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారట, ఇంకో గంట పడుతుందట, బావ ఫోన్ చెవికి ఆనించుకునే వచ్చి చెప్పిపోయాడు. గంట. ఈ శుభ్రమైన షెడ్డులో, ఇస్త్రీ మడతలు మెడకు గుచ్చుకునే ఈ తెల్లకోటులో, ఏ వాసనా లేని ఈ గాలిలో ఇంకో గంట కూర్చోవాలి.

వాసన లేకపోవడమే భరించలేకపోతోంది. మొన్నటిదాకా ఈ షెడ్డు కంపు కొట్టేది. మామూలు కంపా? గేటు దగ్గర లారీ దిగిన డ్రైవరు అక్కడే ముక్కుకు తువ్వాలు చుట్టుకునేంత కంపు, పాడైన వెన్న, తడి సాక్సు, చంటిపిల్లల కక్కు కలిపితే వచ్చేలాంటిది. దాని పేరుమీదే పనివాళ్ళు ఆమెను కంపు మేడం అంటారు, ఆమెకు తెలియదని వాళ్ళ నమ్మకం. పోనీలే అనుకునేది. పొద్దున తలుపు తీయగానే తగిలే ఘాటును బట్టి లోపలివాళ్ళు కడుపునిండా తిన్నారో పస్తున్నారో చెప్పేసేది. లోపలివాళ్ళంటే బాక్టీరియా. కంటికి ఆననివి, గాలి తగిలితే చచ్చేవి, నల్లటి గ్లిజరిన్ తిని బ్యుటనాల్‌ను కక్కేవి, ఆ బ్యుటనాల్ పెట్రోలు బదులు పోస్తే ఇంజను నడుస్తుంది. కంపు మాత్రం పైచిల్లర. కడుపులో పని జరిగే ఏ చోటైనా కంపు రాకుండా ఉంటుందా? ఈ మాట అక్కకు ఎన్నిసార్లు చెప్పలేదు! చెప్పినప్పుడల్లా సరే సరే అంటూ గుమ్మంలోనే నిలబడి, ఊపిరి బిగబట్టి, తల ఊపి వెళ్ళిపోయేది. ఊపిరి బిగబట్టి విన్న మాట చెవిలోకి పోతుందా!

బావది బయోడీజిల్ ఫ్యాక్టరీ. హోటళ్ళలో వాడి పారేసే నూనె పట్టుకొచ్చి డీజిల్ చేస్తాడు. మంచిదే. కాని ప్రతి పది డ్రమ్ముల డీజిలుకూ ఒక డ్రమ్ము గ్లిజరిన్ అడుగున దిగుతుంది, అది సబ్బుల కంపెనీవాళ్ళు కొనే తెల్లటి గ్లిజరిన్ కాదు, ఉప్పూ సబ్బూ ఇంకా నానా చెత్తా కలిసిన నల్లటి జిగట. ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు. వెనక గోడవతల గొయ్యిలో పోస్తూ వచ్చారు, పోస్తూ పోస్తూ గొయ్యి నిండింది, పోయిన వానాకాలం పొంగి వీధిన పడింది, ఆ నల్లటి జిగటలో ఒకాయన స్కూటరు జారి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వీధి వీధంతా వచ్చి గేటు మీద రాళ్ళేసింది. ఇంకోసారి పొంగితే తాళమే అని కాలుష్యం ఆఫీసువాళ్ళు చెప్పిపోయారు. ఇవాళ వస్తున్న పెద్దలది ఇలాంటి ఫ్యాక్టరీల సంఘం, అందరి గోతులూ నిండాయి, అందరి గేట్ల మీదా రాళ్ళే. ఈ చిన్న ట్యాంకు నడవడం కళ్ళారా చూస్తే అందరూ కలిసి ఇక్కడే పెద్ద ట్యాంకు కట్టిస్తారు, తలా ఇంత గ్లిజరిన్ పంపుతారు, గోతులు పూడుస్తారు. చూడకపోతే లేదు. ఇప్పుడు చూడ్డానికి ఏముంది? పూలసీసా ఉంది.

ల్యాబులోంచి తెచ్చినప్పుడు అవి పసిబిడ్డలు. శుద్ధమైన తెల్లటి గ్లిజరిన్ ఇస్తే తప్ప ముట్టేవి కావు, ఈ నల్లదాని చుక్క తగిలితే చాలు నీలుక్కుపోయేవి. చుక్క చుక్క కలిపి అలవాటు చేసింది. చావగా మిగిలినవాటికి ఇంకో చుక్క. అందులోనూ మిగిలినవాటికి ఇంకొంచెం. రేపటి పాలకు ఇవాళ్టి పెరుగు గరిటెడు దాచుకున్నట్టు ఒక విడతలోంచి ఇంత తీసి తరవాతి విడతలో వేస్తూ, రెండు వానాకాలాలు. వాటికి ఇంకో గోల ఉంది, తాము చేసిన ఇంధనమే తమకు విషం, పోగైతే అందులోనే మునిగి చస్తాయి, అందుకని చేసినదాన్ని చేసినట్టే తోడేస్తూ ఉండాలి. జ్వరం వచ్చినరోజు కూడా దుప్పటి కప్పుకుని వచ్చి ఈ డ్రమ్ము మీదే కూర్చుంది. స్నేహితురాళ్ళు రావడం మానేశారు. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషి అత్తరు గురించి మాట్లాడాడు. పోతే పోయాడు, పీడా పోయింది. చివరికి ఆ నల్లటి జిగటను నీళ్ళు తాగినట్టు తాగి, ఆ విషాన్ని కూడా ఓర్చుకుని, చెప్పినమాట వినే జాతి ఒకటి తయారైంది. లోకంలో ఇంకెక్కడా లేదు, ఈ ట్యాంకులో తప్ప. నిన్న సాయంత్రం బాయిలరు నడిపే ఆయన చేత ఆ జాతిని కాలవలోకి వదిలించి, సోడా వేసి రుద్దించి, మరిగే నీళ్ళు పోయించి, బ్లీచింగ్ పోయించి, మళ్ళీ రుద్దించింది అక్క. వాల్వుల రబ్బర్లు కూడా ఊడదీసి బక్కెట్లో నానబెట్టించిందట. ‘కడగమంటారా అని రెండుసార్లు అడిగానమ్మా, పెద్దమ్మగారు కడగమన్నారు’ అంటాడు ఆయన. ఆయన్నేమంటాం.

నిన్న సాయంత్రం ఆ సోడా పోస్తున్నప్పుడు తను ఎక్కడుంది? నవ్వుతోంది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. పొరుగూళ్ళో ఇంజన్లు పరీక్షించే వర్క్‌షాపులో, చిన్న జనరేటరు ముందు. ఇంజను మేస్త్రీ జనరేటరు ట్యాంకులో పెట్రోలంతా వంపేసి, తుడిచి, ఆమె తెచ్చిన సీసాలోది పోశాడు. తాడు లాగాడు, దగ్గింది. మళ్ళీ లాగాడు, రెండుసార్లు దగ్గి చచ్చింది. మూడోసారి అందుకుంది. వణికింది, తమాయించుకుంది, నిలబడింది. పైన బల్బు వెలిగింది. మామూలు బల్బే, ఏ గుమ్మంలోనైనా వేలాడేది, దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నందుకు మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు. ‘దేంతో చేశారమ్మా ఇది?’ అంటే ‘కంపుతో’ అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వును తలుచుకుంటే ఇప్పుడు తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపిస్తోంది. అక్కడ బల్బు వెలుగుతుంటే ఇక్కడ కాలవలోకి పోతున్నాయి. పొద్దున్నే బస్సు దిగి, మిగిలిన సీసా గుండెకు హత్తుకుని, గేటు దగ్గరనుంచి పరిగెత్తింది, అక్కకు చెప్పాలని, ముందు అక్కకే చెప్పాలని. సగం దూరంలోనే కాళ్ళు ఆగిపోయాయి. నిమ్మకాయ సెంటు వాసన. తలుపు తీయకుండానే తెలిసిపోయింది.

ఫ్రిజ్! ఫ్రిజ్ సంగతి తలుచుకుంటే మరీ ఒళ్ళు మండిపోతోంది. ఇలాంటి గతి ఎప్పుడైనా పడుతుందేమోనని ప్రతి విడతలోంచీ ఇంత తీసి చిన్నచిన్న సీసాల్లో దాచింది, వరసగా, మూతల మీద చీటీలు అంటించి. అవి మాత్రం ఉంటాయిలే అని పరిగెత్తి తలుపు తీస్తే లోపల మంచినీళ్ళ సీసాలు. చల్లగా. ఒక పళ్ళెంలో కోసిన పళ్ళు, అతిథులకు. చిన్న సీసాలేవి అంటే, అక్క ఎంత సంతోషంగా చెప్పిందని! ‘అవా? పాడైపోయి కంపుకొడుతుంటే పారబోశానే. సీసాలు మాత్రం పారెయ్యలేదు, కడిగి పెట్టాను, చూడు ఎలా మెరుస్తున్నాయో.’ నిజమే, మెరుస్తున్నాయి. షెడ్డు కిటికీలో బోర్లించి ఉన్నాయి, బారుగా, ఎండలో, అప్పుడే తలంటు పోయించుకుని కూర్చున్న పిల్లల్లా. అప్పుడు కూడా ఇదే. తనకు ఎనిమిదేళ్ళప్పుడు, మంచం కింద గాజుసీసాలో రొట్టెముక్క దాచి దానిమీద మొలిచిన బూజును రోజూ చూసుకునేది, పచ్చగా ఒకవైపు, తెల్లగా ఒకవైపు, మధ్యలో ఒక నారింజ చుక్క, అదొక ఊరు అనుకునేది, ఆ ఊళ్ళో ఎవరు ఎక్కడ ఉంటారో పేర్లు కూడా పెట్టుకుంది. ఒకరోజు బడినుంచి వచ్చేసరికి సీసా తళతళలాడుతోంది. ‘నీకు జబ్బు చేస్తుందే పిచ్చుకా’ అంది అక్క. అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజులు. అమ్మకు వచ్చిన జబ్బు మురికివల్లే వచ్చిందని ఎవరో అన్నారట, అప్పటినుంచి అక్క చేతిలో ఏదో ఒక గుడ్డ ఉంటుంది. తెలుసు. అదంతా తెలుసు. తెలిస్తే మాత్రం? కారణం తెలిసినంత మాత్రాన కోపం చల్లారిపోవాలని రూలేమైనా ఉందా? ఎవడో శత్రువు వచ్చి చేసి ఉంటే ఎంత హాయిగా ఉండేది! నోరారా తిట్టుకునేది, కేసు పెట్టేది, మట్టి కొట్టుకుపోతావని శాపనార్థాలు పెట్టేది. ప్రేమకొద్దీ చేసినదాన్ని ఏం చెయ్యాలి? మింగలేం, కక్కలేం.

గాలి కొట్టే కంప్రెసర్ మళ్ళీ గుర్రుమంది. ట్యాంకు అద్దంలో బుడగలు లేచాయి, గోధుమరంగు నీళ్ళలో, ముద్దుగా, గుండ్రంగా. ఇది బావ తెలివి. పొద్దున ఆమె నేలమీద కూలబడి ఉంటే ఆయన పక్కన గొంతుకూర్చుని, భుజం తట్టి, ‘ఊరుకో సైంటిస్టు మరదలా, దేనికైనా మార్గం ఉంటుంది’ అన్నాడు. ఆయన మార్గం ఏమిటంటే ట్యాంకు నిండా నీళ్ళు, నీళ్ళలో టీ డికాక్షన్. ‘అచ్చం అదే రంగు! కింద నుంచి గాలి కొడితే బుడగలు. వాళ్ళేమైనా లోపల దూరి చూస్తారా? నువ్వు తెచ్చిన సీసా అసలుదే కదా, ఇంజను నడిచేది నిజమే కదా. ట్యాంకు నడుస్తోందని ఒక్కమాట. వాళ్ళు సరే అన్నాక నీ పురుగుల్ని నువ్వు మళ్ళీ పెంచుకో, ఎవరు వద్దన్నారు?’ గాలి తగిలితే చచ్చేవి ఉండే ట్యాంకులో గాలి కొడుతున్నాడు మహానుభావుడు. పుండు మీద కారం చల్లి, పైగా విసనకర్రతో విసురుతున్నట్టుంది. పురుగులట! మళ్ళీ పెంచుకోవాలట! రెండేళ్ళు పట్టినది మళ్ళీ వస్తుందని పూచీ ఏమిటి? ఏ చుక్క దగ్గర ఏది బతికిందో, ఎందుకు బతికిందో ఆమెకే తెలియదు, అదృష్టం సగం, మొండితనం సగం. ఈలోగా వానాకాలం వస్తే? వాళ్ళు పెద్ద ట్యాంకు కట్టి, గ్లిజరిన్ పంపి, ఎక్కడమ్మా నీ ఇంధనం అంటే, అప్పుడు దేంతో చెయ్యాలి, డికాక్షన్‌తోనా?

అయినా ఆ అబద్ధం తియ్యగానే ఉంది, అదే అసహ్యంగా ఉంది. నాలిక మీద పెట్టుకుని చూసింది ఇందాకటినుంచి. ఇది మా ట్యాంకండీ, నడుస్తోందండీ. ఎంత తేలిగ్గా వచ్చేస్తోంది! నిజం చెబితే మొదట అడిగేది కడిగింది ఎవరని. ఏమనాలి? మా అక్క అనాలి. అక్క అక్కడే ఉంటుంది, పొద్దున్నే లేచి వేసుకున్న కొత్తబట్టల్లో, పళ్ళెం పట్టుకుని. వాళ్ళందరూ తిరిగి ఆవిడ వంక చూస్తారు. ఒకడైనా నవ్వుతాడు. ఊరెళ్ళి ఆ కథ చెప్పుకుంటాడు, ఫ్యాక్టరీ ఆవిడ బాక్టీరియాకి స్నానం చేయించిందట అని. ఆ నవ్వు తనే నవ్వాలనిపిస్తోంది, పెద్దగా, అక్క మొహం మీద. అనిపించిన మరుక్షణం ఆ నవ్వబోయేవాడి పీక పిసకాలనిపిస్తోంది. ఒకసారి బస్సులో, అక్కా తనూ పక్కపక్కన నిలబడి ఉంటే, ఎదురుగా కూర్చున్న ఆవిడ గాలి పీల్చి, ఆమె వంక చూసి, కూతుర్ని పక్కకు లాక్కుని, ఖాళీలేని బస్సులో సీటు వదిలేసి లేచి ముందుకు వెళ్ళిపోయింది. ఆమెకేం అనిపించలేదు, సీటు దొరికిందని కూర్చుంది. అక్క కూర్చోలేదు. దిగేదాకా కమ్మీ పట్టుకుని నిలబడి, ఆవిడ వీపు వంకే చూస్తూ ఉంది. పొద్దున తను అరిచిన అరుపులన్నిటికీ అక్క చెప్పిన సమాధానం ఒక్కటే: ‘అంత పెద్దవాళ్ళు వస్తున్నారు, నిన్ను చూసి ఎవరూ ముక్కు మూసుకోకూడదని.’

అడుగుల చప్పుడు. అక్కే. రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని, కుడిచేతి వేళ్ళు బ్లీచింగ్‌కు తెల్లగా పొట్టు లేచి. గ్లాసు పక్కన పెట్టి, కోటు భుజం మీద లేని దుమ్ము దులిపింది.

‘తాగవే. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.’

‘ఆ ట్యాంకు నిండా టీయే ఉందిగా, అది తాగుతాలే.’

అక్క బుడగల వంక చూసింది. ‘బతికున్నాయని చెప్పలేదు నువ్వు’ అంది మెల్లగా.

‘చెప్పలేదా? రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను!’

‘బాక్టీరియా అన్నావు. బాక్టీరియా అంటే చంపాల్సినవేగా. మనకి చిన్నప్పటినుంచీ అదేగా చెప్పారు.’ ఆగింది. ‘ఒక్కటి కూడా మిగల్లేదా? ఎక్కడా?’

‘నువ్వు కడిగాక మిగులుతాయా అక్కా? నువ్వు కడిగితే రాయి కూడా మిగలదు!’ గొంతు షెడ్డు రేకులకు తగిలి తిరిగొచ్చింది. ‘బురదలో మిగిలేవి. కష్టం వస్తే గింజల్లా ముడుచుకుని పడుంటాయి, మరిగించినా చావవు, గాలి తగలని చోట నల్లటి బురదలో ఏళ్ళు పడి ఉంటాయి. కాలవలో చూద్దామని పరిగెత్తాను. కాలవ పొడుగునా సున్నం కొట్టించావు! బ్లీచింగ్ చల్లి, పైన సున్నం! ముగ్గేశావు నా సమాధి మీద!’

అక్క కొత్తబట్టల అంచు వేలికి చుట్టుకుంటూ ఒక నిమిషం నిలబడి, వెనుతిరిగి, వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది. వెళ్ళనీ. ఏడవనీ. ఏ మూలో కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని, ఆ కడుక్కున్న కుళాయిని కూడా తుడిచి వస్తుంది. సమాధి అన్న మాట మరీ ఎక్కువైందేమో. ఎక్కువేం కాదు. ఇంకా తక్కువే. ఇల్లు అలకగానే పండగ అయిపోతుందనుకునేవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి. టీ చల్లారిపోతోంది. పైన మీగడ కట్టింది. ఆ పొట్టు లేచిన వేళ్ళు కళ్ళముందు నుంచి పోవడం లేదు, చేతితొడుగులు కూడా వేసుకోకుండా రుద్దింది కాబోలు. బాయిలరాయన్ని రుద్దమని, ఆయన రుద్దింది నచ్చక మళ్ళీ తనే దిగి రుద్ది ఉంటుంది, తల లోపల పెట్టి, మొన్నటిదాకా గుమ్మం దాటి రాలేనన్న మనిషి. ఛీ. జాలి పడటానికి కూడా కోపం వస్తోంది. ఒడిలో సీసా పట్టుకుంది. మిగిలిన ఇంధనం, రంగు లేదు, ఊపితే పల్చగా కదులుతుంది. ఇంజను ఒక్కసారి నడపడానికి సరిపోతుంది. ఆ తరవాత ఇదీ ఖాళీయే, అక్క కడిగి బోర్లిస్తుంది.

హారన్ మోగింది. గేటు రాసుకుంటూ తెరుచుకుంది. మాటలు, నవ్వులు, బావ గొంతు అందరికంటే పైన. రండి రండి, జాగ్రత్త, మెట్టు ఉంది. అందరికంటే ముందు ఒక పెద్దావిడ వచ్చింది, సంఘం అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు, చేతికర్ర, మొహంలో ఎక్కడా తొందర లేదు. గుమ్మంలో ఆగి, చేతిలో సిద్ధంగా పట్టుకున్న రుమాలును ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, గాలి పీల్చి, ఆశ్చర్యంగా దించేసింది.

‘వాసన భరించలేమని చెప్పారే అందరూ! మా ఫ్యాక్టరీకంటే శుభ్రంగా ఉంది. ఎంత బాగా ఉంచారండీ!’

‘అదేనండీ మా ప్రత్యేకత’ అన్నాడు బావ. ‘చూడండి, ట్యాంకు ఎలా నడుస్తోందో.’

అందరూ అద్దం దగ్గరికి వంగారు. బుడగలు లేచాయి. అబ్బో, అన్నారెవరో. అందరికీ తెలిసిపోతుందేమోనని గంటనుంచి ఆమె భయపడింది, ఎవరికీ తెలియలేదు, అదే ఘోరంగా ఉంది. శుభ్రమట. ప్రత్యేకతట. రెండేళ్ళు ముక్కులు మూసుకున్న లోకం చచ్చిన ట్యాంకును చూసి ఎంత బాగా ఉంచారంటోంది. నాలిక మీద సిద్ధంగా పెట్టుకున్న అబద్ధం ఎటు పోయిందో పోయింది. లేచింది. చల్లారిన టీని నేలమీద పారబోసి, అదే గ్లాసు శాంపిల్ కుళాయి కింద పెట్టి తిప్పింది. గోధుమరంగు నీళ్ళు గ్లాసులోకి దూకాయి.

‘వాసన చూడండి’ అని పెద్దావిడకు అందించింది.

ఆవిడ చూసింది. మళ్ళీ చూసింది. ‘కంపేమీ లేదే.’

‘ఉండదండి. అది టీ. మా బావ పెట్టారు, చక్కెర వెయ్యడం మరిచిపోయారు.’

బావ నవ్వబోయి, మధ్యలో ఆగిపోయాడు. కంప్రెసర్ ఒక్కటే గుర్రుమంటోంది. ఆమె వెళ్ళి దాన్ని కట్టేసింది. బుడగలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో తన గొంతు తనకే కొత్తగా వినబడింది, వణకకుండా. ‘సీసాలో ఉన్నది నిజం. అది ఇంజను నడుపుతుంది, నిన్న నడిపింది, ఇప్పుడు కావాలంటే మీ ముందు నడుపుతాను. దాన్ని చేసిన బాక్టీరియా ఈ ట్యాంకులోనే ఉండేవి. నిన్న చచ్చిపోయాయి. మీరొస్తున్నారని ట్యాంకు కడిగారు.’

‘కడిగారా?’ వెనక ఎవరో ముక్కులో నవ్వారు. అనుకున్నదే. ‘ఎవరండీ కడిగిన మహాతల్లి?’

అక్క మీద ఎంత కోపం ఉంటే మాత్రం, ఆ మాట ఆ నవ్వేవాడికి ఇవ్వబుద్ధి కాలేదు.

‘నేనేనండి.’

అందరూ తిరిగారు. వెనక తలుపులో అక్క. మోకాళ్ళదాకా నలుపు, మోచేతులదాకా నలుపు, చెంపమీద నలుపు, కొత్తబట్టల మీద సున్నం చారలు. రెండు చేతులా ఒక బక్కెట్టు మోస్తోంది, బరువుకు ఒకపక్కకు ఒరిగి. బక్కెట్టుకు మూత. మూత సందుల్లో బురద మెత్తి ఉంది.

‘ముక్కు మూసుకుంటారని కడిగానండి’ అంది వాళ్ళతో, ఏదో వంటలో ఉప్పెక్కువైందని చెప్పినంత మామూలుగా. తరవాత వాళ్ళను వదిలేసి చెల్లెలి దగ్గరికి వచ్చి బక్కెట్టు దించింది. ‘కాలవ చివర గోడకింద మలుపుంటుందే, అక్కడ చేరుతుంది, ఎంత కడిగినా పోదు. ఎన్నేళ్ళబట్టో దానితో నాకు గొడవ. సున్నం పైపైనే పడింది, చెయ్యి పెడితే కింద నల్లగా మెత్తగా ఉంది. గాలి తగలకూడదన్నావని మూత పెట్టి సందులు మూశాను. ఇందులో ఉన్నాయేమో చూడవే పిచ్చుకా.’

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తెల్లకోటు బురదలో పడింది. గోళ్ళతో సందు తవ్వి మూత ఒక అంగుళం ఎత్తి, మొహం దగ్గరపెట్టి పీల్చింది. ముందు సున్నం, పొడిగా, గొంతులో గీరుకుంటూ. తరవాత బ్లీచింగ్. ఏమీ లేదు. ఇంకా లోపలికి పీల్చింది. దాని అడుగున, ఎక్కడో బాగా అడుగున, పాడైన వెన్న. తడి సాక్సు. చంటిపిల్లల కక్కు. కళ్ళు మూసుకుంది. అవి అవునో కాదో ఇప్పుడే చెప్పలేం, ఆ నల్లగ్లిజరిన్ ఇచ్చి, మూత బిగించి, ఎదురుచూసి చెప్పాలి, అన్నీ కుదిరినా మళ్ళీ ఎన్నాళ్ళో. కోపం పోలేదు. ఇప్పట్లో పోదు, అక్కతో సరిగ్గా మాట్లాడటానికి చాలా రోజులు పడుతుంది, ఆ పూలసీసాను మాత్రం ఇవాళే పగలగొట్టి తీరుతుంది. వెనక రుమాళ్ళన్నీ ఒక్కసారి ముక్కుల మీదికి లేచాయి, నవ్వినవాడు గుమ్మం బయటికి ఉరికాడు. పెద్దావిడ మాత్రం కర్ర ఆనించుకుని, ముక్కు మూసుకోకుండా, అక్కడే నిలబడి చూస్తోంది.

‘ఇదేనా ఆ వాసన?’ అంది ఆవిడ.

‘ఇదేనండి’ అంది ఆమె. మూత మూసేసి తలెత్తి చూస్తే, అక్క అలవాటు చొప్పున గోడపక్క కుళాయి దగ్గరికి నడుస్తోంది, నల్లటి చేతులు రెండూ ఒంటికి దూరంగా పట్టుకుని, మోచేత్తో కుళాయి తిప్పబోతూ.

‘అక్కా, ఆగు!’ ఆమె కిటికీలో బోర్లించిన చిన్న సీసా ఒకటి లాక్కుని పరిగెత్తింది. ‘చేతులు కడుక్కోకు.’